ఇండోర్ కార్పొరేషన్ నుంచి లోక్‌సభ స్పీకర్ పీఠం దాకా: సుమిత్రా మహాజన్ ప్రస్థానంపై చర్చ

తుంగభద్ర తీరం:
మిత్రులకు నమస్కారం. స్థానిక సంస్థల్లో మొదలై జాతీయ చట్టసభకు చేరిన నాయకుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనం స్వాతంత్ర్యోద్యమ కాలం దగ్గరే ఆగిపోతుంటాం. అహ్మదాబాద్ పురపాలక సంఘంలో వల్లభ్‌భాయ్ పటేల్, అలహాబాదులో నెహ్రూ, సేలంలో రాజాజీ పేర్లు చెప్పుకొని ముగిస్తాం. ఈసారి మన కాలానికి దగ్గరగా ఉన్న ఒక జీవితాన్ని తీసుకుందామని నా ప్రతిపాదన. సుమిత్రా మహాజన్ గారు 1943 ఏప్రిల్ 12న మహారాష్ట్రలోని చిప్లూన్‌లో పుట్టి, పెళ్ళితో ఇండోర్ చేరారు. 1982లో ఇండోర్ నగరపాలక సంస్థలో సభ్యురాలై, 1984లో డిప్యూటీ మేయర్ అయ్యారు. 1985లో శాసనసభకు పోటీ చేసి ఓడిపోయారు. 1989లో భాజపా తరఫున నేరుగా లోక్‌సభకు నిలబడి, మధ్యప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రీ కేంద్రంలో హోంమంత్రిగా పనిచేసిన వారూ అయిన ప్రకాశ్‌చంద్ర సేఠీని లక్షకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. ఆ తరువాత 1991, 1996, 1998, 1999, 2004, 2009, 2014 ఎన్నికల్లోనూ అదే ఇండోర్ నుంచి గెలిచారు. వాజపేయి ప్రభుత్వంలో సహాయమంత్రిగా పనిచేసి, 2014 జూన్ 6న పదహారో లోక్‌సభకు స్పీకర్‌గా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

నేను చర్చకు పెట్టదలచినవి రెండు విషయాలు. శాసనసభలో ఒక్కరోజైనా కూర్చోని నాయకురాలు కౌన్సిల్ హాలు నుంచి పార్లమెంటుకు ఎలా వెళ్ళగలిగారు? ఆ కౌన్సిల్ హాలులో నేర్చుకున్నది స్పీకర్ పీఠంలో ఆమెకు ఎంతవరకు అక్కరకొచ్చింది? పార్టీల మీది ఇష్టాయిష్టాలను కాస్త పక్కన పెట్టి రాయవలసిందిగా మనవి.

మాళ్వా తెలుగు:
చాలా ఏళ్ళుగా ఇండోర్‌లో ఉంటున్నవాడిని కాబట్టి మొదటి ప్రశ్నకు ఇక్కడి నేల గురించి కొంత చెప్పవలసి ఉంది. ఇది హోల్కర్ల రాజధాని. మరాఠీ కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడి ఉన్నాయి. బయటి నుంచి చూసేవారికి కొంకణం నుంచి వచ్చిన కోడలు ఈ ఊరి నాయకురాలు కావడం వింతగా కనిపించవచ్చు గాని, ఇక్కడివారికి ఆమె పరాయి మనిషి కాదు. అహల్యాబాయి హోల్కర్ పేరు మీద ప్రతి ఏటా జరిగే ఉత్సవాలతో ఆమెకు ఉన్న అనుబంధం కూడా ఆమెను నగరానికి దగ్గర చేసింది. చిన్నా పెద్దా అందరూ ఆమెను ‘తాయి’ (మరాఠీలో అక్క) అనే పిలుస్తారు. అభ్యర్థిగా ఉన్నప్పుడూ అదే పిలుపు, స్పీకర్‌గా ఉన్నప్పుడూ అదే పిలుపు.

రెండోది నియోజకవర్గం స్వరూపం. ఇండోర్ లోక్‌సభ స్థానం కింద ఎనిమిది శాసనసభ స్థానాలున్నాయి. వాటిలో ఇండోర్ ఒకటి నుంచి అయిదు దాకా పూర్తిగా నగరంవే. రావూ కూడా నగరాన్ని ఆనుకొని ఉన్నదే. దేపాల్‌పూర్, సాంవేర్ మాత్రమే ప్రధానంగా గ్రామీణం. అంటే నగరపాలక సంస్థకూ లోక్‌సభ నియోజకవర్గానికీ పొలిమేరలు దాదాపు ఒకటే. కార్పొరేషన్‌లో పనిచేసిన మనిషి తన నగరం మొత్తాన్ని ఓటు అడగాలంటే ఆ అవకాశం శాసనసభ ఎన్నికలో దొరకదు, ఎందుకంటే అక్కడ నగరం అయిదు ముక్కలుగా ఉంటుంది. లోక్‌సభ ఎన్నికలోనే దొరుకుతుంది. ఒక ముక్కలో ఓడినవారు మొత్తంలో గెలవడం ఈ ఊళ్ళో అసాధ్యమైన సంగతేమీ కాదు.

ఓరుగల్లు పాఠకుడు:
మాళ్వా మిత్రులు చెప్పిన నియోజకవర్గ స్వరూపం ఆసక్తికరంగా ఉంది. అయితే 1989 గాలిని మరిచిపోకూడదు. బోఫోర్స్ వ్యవహారం, అయోధ్య ఉద్యమం, పదేళ్ళ కాంగ్రెస్ పాలన మీద విసుగు, అన్నీ కలిసి ఆ ఏడాది మధ్యప్రదేశ్‌లోని 40 లోక్‌సభ స్థానాల్లో 27 భాజపాకు దక్కాయి. ఆ గాలిలో కార్పొరేటరైనా, వ్యాపారైనా, న్యాయవాదైనా గెలిచేవారేమో. అయిదేళ్ళ ముందు దేశమంతటా ఆ పార్టీకి వచ్చినవి రెండే స్థానాలు, అందులో ఒకటి మా హనుమకొండ. చందుపట్ల జంగారెడ్డి గారు పి.వి. నరసింహారావు గారిని ఓడించారు. గాలికి ఎదురీది గెలవడం అంటే అది. 1989 ఇండోర్ గెలుపును అదే కోవలో చేర్చలేము.

మాళ్వా తెలుగు:
మొదటి గెలుపు విషయంలో మీ మాటకు బలం ఉంది. కాని గాలి ఒక్కసారి ఎత్తుకుపోతుంది, ఎనిమిదిసార్లు మోయదు. 1991లో రాష్ట్రంలో భాజపా బాగా దెబ్బతిన్నది, ఇండోర్ నిలిచింది. 2004లో వాజపేయి ప్రభుత్వమే పడిపోయింది, ఇండోర్ నిలిచింది. 2009లో మాత్రం పదకొండు వేల పైచిలుకు ఓట్లతో గట్టెక్కారు. ఆ ఎన్నిక రాత్రి ఇక్కడ చాలామంది తాయి శకం ముగిసినట్టేనని అనుకున్నారు. అయిదేళ్ళకు అదే స్థానంలో ఆధిక్యం 4,66,901కి చేరింది. ఈ చివరి అంకెలో గాలి వాటా ఎంతో మనందరికీ తెలుసు. 2009 నాటి పదకొండు వేలలో మాత్రం ఆమె సొంత వాటాయే ఎక్కువని నా అభిప్రాయం.

పాత దస్త్రం:
కోస్తాలోని ఒక నగరపాలక సంస్థలో కౌన్సిల్ విభాగంలో పనిచేసి విరమించినవాడిని. మిత్రులు గెలుపోటముల మీద ఉన్నారు, నేను రెండో ప్రశ్న మీద రాస్తాను.

నగరపాలక సంస్థలో కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. ఖర్చుకు సంతకం ఆయనది, సిబ్బంది మీద అదుపు ఆయనది. కౌన్సిల్ తీర్మానం చేస్తుంది, స్థాయీసంఘం కాంట్రాక్టులు ఆమోదిస్తుంది, మేయర్ సభను నడుపుతారు, మేయర్ లేనప్పుడు డిప్యూటీ మేయర్ ఆ కుర్చీలో కూర్చుంటారు. కాబట్టి డిప్యూటీ మేయర్ పదవి అధికారం లేని గౌరవపదవి అనుకునేవారు ఎక్కువ. నా అనుభవంలో దానికి ఒక ఉపయోగం ఉంది. మంచినీళ్ళ పైపు పగిలి మూడు రోజులైన వార్డు సభ్యుడు అజెండా కాగితాలు చించి వేదిక మీదికి వచ్చినప్పుడు అతన్ని తిరిగి కూర్చోబెట్టడం కుర్చీలో ఉన్నవారి పని. అతన్ని బయటికి పంపే అధికారం చట్టంలో ఉంటుంది. దాన్ని వాడితే మర్నాడు కోరం, అంటే సభ జరగడానికి కావలసిన కనీస హాజరు, ఉండదు. అందుచేత కుర్చీలో ఉన్నవారు విరామం ప్రకటించి, తమ గదిలోకి పిలిచి, టీ తెప్పించి, ఇంజనీరును అక్కడికే రప్పించి మాట్లాడతారు. సభలో జరిగే పని సగమైతే, ఆ గదిలో జరిగే పని సగం.

పార్లమెంటులో స్పీకర్ చాంబరులో జరిగే అఖిలపక్ష సమావేశాలూ, సభాకార్యక్రమాల సలహాసంఘమూ ఇదే పద్ధతికి పెద్ద రూపాలు. ఒక్క తేడా ఉంది. నగరపాలక సభ్యులకు కావలసినది పైపు, దీపం, మురుగుకాలువ. ఇవ్వగలిగినవి. లోక్‌సభ సభ్యులు కొన్నిసార్లు అడిగేది స్పీకర్ ఇవ్వగలిగినది కాదు, ప్రభుత్వం ఇవ్వవలసినది. అప్పుడు గదిలోని టీ పనిచేయదు.

గ్యాలరీ నుంచి:
పాత దస్త్రం గారి చివరి వాక్యం దగ్గర నేను మొదలుపెడతాను, ఎందుకంటే తెలుగువాళ్ళకు సుమిత్రా మహాజన్ గారు గుర్తుండిపోయింది సరిగ్గా అలాంటి సందర్భంలోనే. 2018 మార్చిలో ప్రత్యేక హోదా విషయమై వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం సభ్యులు కేంద్ర మంత్రిమండలి మీద అవిశ్వాస తీర్మానానికి నోటీసులిచ్చారు. లోక్‌సభ నియమావళిలోని 198వ నియమం ప్రకారం స్పీకర్ ఆ నోటీసును సభలో చదివి, మద్దతిచ్చే వారిని లేచి నిలబడమనాలి. 50 మందికి తగ్గకుండా లేస్తే అనుమతి లభించినట్టే. కావేరి బోర్డు కోసం అన్నాడీఎంకే, రిజర్వేషన్ల కోసం తెరాస సభ్యులు స్పీకర్ పీఠం ముందున్న వెల్‌లో నినాదాలిస్తున్నారు కాబట్టి తలలు లెక్కించడం సాధ్యం కాదంటూ ఆమె రోజుల తరబడి సభను వాయిదా వేశారు. లెక్క సులభం కావాలని ప్రతిపక్ష సభ్యులు అంకెలు రాసిన కాగితాలు ఎత్తి చూపినా ఫలితం లేకపోయింది. సమావేశాలు ఏప్రిల్ 6న ముగిశాయి, తీర్మానం సభ ముందుకు రాలేదు.

గందరగోళంలో ఏ పనీ చేయరాదన్నది ఆమె ఖచ్చితమైన నియమమే అయితే నాకు అభ్యంతరం ఉండేది కాదు. అదే గందరగోళం మధ్య మార్చి 14న ఆర్థిక బిల్లూ, వివిధ శాఖల పద్దులూ చర్చ లేకుండా ఆమోదం పొందాయి. దేశమంతటి ఏడాది ఖర్చుకు అడ్డురాని గోల, ఒక రాష్ట్ర ప్రజల మొరకు అడ్డువచ్చింది. వార్డు సభ్యుడి కోపాన్ని చల్లార్చడం నేర్చిన వ్యక్తి నుంచి ఇంతకంటే మెరుగైనది ఆశించాము.

చట్టం చూపు:
గ్యాలరీ మిత్రుల ఆవేదన అర్థమైంది. అయినా ఒక సాంకేతిక భేదం చెప్పాలి. ఆర్థిక బిల్లు మూజువాణి ఓటుతో అయిపోతుంది, ఎవరూ లెక్కపెట్టనక్కరలేదు. అవిశ్వాసానికి అనుమతి సంఖ్య మీద ఆధారపడినది, లెక్క తప్పనిసరి. నియమం అడ్డం పెట్టుకోవడానికి ఆమెకు ఆధారం ఉన్నది.

కాని ఆధారం ఉన్న ప్రతి నిర్ణయమూ న్యాయమైనది కాదు. సభ్యులను వారి వారి స్థానాల్లోనే లేవమని చెప్పి, వెల్‌లో ఉన్నవారిని లెక్కలోంచి తప్పించి, పార్టీల వారీగా లెక్కించే వీలు ఉంది. ఆమె ప్రయత్నించలేదు. జూలైలో కావేరి వివాదం చల్లబడ్డాక, తెలుగుదేశం సభ్యుడు కేశినేని శ్రీనివాస్ ఇచ్చిన నోటీసును సమావేశాల మొదటి రోజునే స్వీకరించారు. జూలై 20న చర్చ జరిగింది. గల్లా జయదేవ్ ప్రారంభించిన ఆ చర్చ రాత్రి పొద్దుపోయేదాకా సాగి, అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లతో తీర్మానం వీగిపోయింది. మార్చిలో చర్చించి ఉన్నా ఓట్ల లెక్క పెద్దగా మారేది కాదు. మారేది మరొకటి. ఏప్రిల్ 6న వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు అయిదుగురు రాజీనామాలు ఇవ్వడం, జూన్‌లో ఆమె వాటిని ఆమోదించడం అయ్యాక, జూలై చర్చ నాటికి హోదా కోసం మొదట నోటీసు ఇచ్చిన పక్షానికి చెందిన ఆ అయిదుగురూ సభలో లేరు.

తుంగభద్ర తీరం:
చట్టం చూపు గారికి ధన్యవాదాలు. ఆ ఆఖరి అంశాన్ని నేను ఇంతకుముందు ఈ వరసలో పెట్టి చూడలేదు. స్పీకర్‌గా ఆమె తీసుకున్న మిగతా నిర్ణయాల మీద కూడా మీ అంచనా తెలియజేస్తే బాగుంటుంది.

చట్టం చూపు:
నాకు ముఖ్యమనిపించినవి మూడు. 2014 ఆగస్టులో కాంగ్రెస్‌కు ప్రతిపక్షనేత హోదా నిరాకరించారు. ఆ పార్టీకి ఉన్నవి 44 స్థానాలు, పాత సంప్రదాయం ప్రకారం కావలసినది సభలో పదో వంతు, అంటే 55. ఈ పదో వంతు లెక్క ప్రతిపక్షనేత వేతనాల గురించిన 1977 చట్టంలో లేదు, అది స్పీకర్ల నిర్దేశాల్లోంచి వచ్చినది. ఆమె సంప్రదాయాన్ని పట్టుకున్నారు. దానిని నేను తప్పుపట్టను.

2015 ఆగస్టులో ప్లకార్డులు పట్టుకున్నందుకు 25 మంది కాంగ్రెస్ సభ్యులను అయిదు రోజుల పాటు సస్పెండ్ చేశారు. 2019 జనవరిలో రెండు రోజుల్లో 45 మందిని బయటికి పంపారు, వారిలో అన్నాడీఎంకే వారితో పాటు మన తెలుగుదేశం సభ్యులూ ఉన్నారు. పాత దస్త్రం గారు చెప్పిన ‘మర్నాటి కోరం’ భయం కౌన్సిల్‌లో ఉంటుంది, అధికార పక్షానికి తిరుగులేని మెజారిటీ ఉన్న లోక్‌సభలో ఉండదు. అందుకే ఆమె చేతిలో ఆ అధికారం కౌన్సిల్‌లో కంటే సులువుగా కదిలింది.

నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచేది 2016 మార్చిలో ఆధార్ బిల్లును 110వ అధికరణం కింద ద్రవ్య బిల్లుగా ధ్రువీకరించడం. ఆ ఒక్క సంతకంతో రాజ్యసభకు సవరణలు నిలబెట్టే శక్తి పోయింది. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఆ చట్టాన్ని చాలావరకు సమర్థించింది. జస్టిస్ చంద్రచూడ్ మాత్రం దానిని ద్రవ్య బిల్లుగా తేవడమే రాజ్యాంగాన్ని మోసగించడమని భిన్నాభిప్రాయం రాశారు. సభలో అరుపుల మీద జరిగిన చర్చలో వెయ్యో వంతు కూడా ఈ సంతకం మీద జరగలేదు.

కోనసీమ రైతుబిడ్డ:
చర్చను కొంచెం పక్కకు తీసుకువెళుతున్నానని అనుకోకపోతే, ఒక పోలిక చెప్పాలని ఉంది. మా జి.ఎం.సి. బాలయోగి గారు 1987లో తూర్పు గోదావరి జిల్లా ప్రజాపరిషత్ అధ్యక్షులయ్యారు, 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్ళారు, 1996లో ఓడి, రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, 1998లో మళ్ళీ గెలిచి స్పీకర్ అయ్యారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన మరణించాక ఆ పీఠంలోకి వచ్చిన మనోహర్ జోషి కూడా స్థానిక సంస్థ నుంచి వచ్చినవారే. ముంబయి కార్పొరేటర్, ఆపైన మేయర్, శాసనమండలి, ముఖ్యమంత్రి పదవి, ఆ తరువాతే లోక్‌సభ. సుమిత్రా మహాజన్ గారిని కలుపుకుంటే రెండు దశాబ్దాల కాలంలో ముగ్గురు స్పీకర్లు జిల్లా పరిషత్తు, కార్పొరేషన్ల నుంచి వచ్చారన్న మాట.

ముగ్గురిలో బాలయోగి గారి పరిస్థితి వేరు. ఆయన పార్టీ ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తున్నది, ప్రభుత్వానికి ఉన్నది అంచు మెజారిటీ. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన రోజున పీఠంలో ఉన్నది ఆయనే. అటువంటి సభలో స్పీకర్ అందరినీ కలుపుకుపోక తప్పదు. 2014 సభలో స్పీకర్‌కు ఆ అవసరం లేదు. మనిషి స్వభావాన్ని తూచేముందు సభలోని అంకెలను చూడాలని నా మనవి.

గ్యాలరీ నుంచి:
అంకెలు చూడమన్న మాట సబబే. అయితే అవసరం లేనప్పుడు కూడా కలుపుకుపోయినవారినే మనం పెద్ద స్పీకర్లుగా గుర్తుపెట్టుకుంటాం కదా.

ఓరుగల్లు పాఠకుడు:
తుంగభద్ర మిత్రుల మొదటి ప్రశ్నకు తిరిగి వస్తున్నాను. శాసనసభ మెట్టు దాటేయడం ఇండోర్‌కే పరిమితం కాదు. మన కరీంనగర్ చూడండి. బండి సంజయ్ కుమార్ గారు నగరపాలక సంస్థలో కార్పొరేటర్‌గా ఉంటూ 2014లో, 2018లో శాసనసభకు పోటీ చేసి ఓడిపోయారు, 2019లో లోక్‌సభకు గెలిచారు, 2023లో మళ్ళీ శాసనసభకు ఓడి, 2024లో మళ్ళీ లోక్‌సభకు గెలిచి కేంద్రంలో సహాయమంత్రి అయ్యారు. మాళ్వా మిత్రుల సూత్రం ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే కరీంనగర్ పట్టణం ఏడు శాసనసభ స్థానాల్లో ఒకటి మాత్రమే, మిగతాదంతా పల్లెలూ చిన్న పట్టణాలూ. ఇక్కడ లోక్‌సభ ఓటు జాతీయ పార్టీ ఓటు, శాసనసభ ఓటు అభ్యర్థి ఓటు.

పాత పద్ధతిలో మెట్టు మెట్టుగా వెళ్ళినవారు కావాలంటే హైదరాబాద్‌లో సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీ ఉన్నారు. 1960లో మల్లేపల్లి నుంచి కార్పొరేషన్, 1962లో పత్తర్‌గట్టి నుంచి శాసనసభ, 1984 నుంచి 2004 దాకా లోక్‌సభ. విశాఖలో మేయర్‌గా పనిచేసిన సబ్బం హరి 2009లో అనకాపల్లి నుంచి ఎంపీ అయ్యారు. ఇంకా కొన్ని పేర్లు ఉంటాయి గాని, ఇన్ని నగరాలున్న రెండు రాష్ట్రాలకు ఇది పెద్ద జాబితా కాదు.

పాత దస్త్రం:
జాబితా చిన్నదిగా ఉండడానికి కారణం నాకు దగ్గరగా తెలుసు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పట్టణ స్థానిక సంస్థలకు అయిదేళ్ళకొకసారి ఎన్నికలు జరగాలని అది స్పష్టంగా చెప్పింది. విశాఖ మహానగర పాలక సంస్థ పాలకవర్గం గడువు 2012లో ముగిస్తే, తదుపరి ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. మధ్యలో తొమ్మిదేళ్ళు ప్రత్యేకాధికారుల పాలన. ఆ తొమ్మిదేళ్ళలో నలభయ్యో పడిలో ఉన్న ఎంతమంది కార్పొరేటర్లు కాగలిగినవారు వ్యాపారాల్లోకి, కాంట్రాక్టుల్లోకి మళ్ళారో లెక్క ఎవరి దగ్గరా ఉండదు. దీనికి శాసనసభ్యుల అయిష్టత తోడవుతుంది. తన నియోజకవర్గంలో పేరు తెచ్చుకుంటున్న కార్పొరేటర్‌లో ఎమ్మెల్యేకు ముందుగా కనిపించేది వచ్చే ఎన్నికలో టికెట్ అడగబోయే మనిషి. కౌన్సిల్‌కు నిధులు రాకుండా, సమావేశం జరగకుండా చూసేది చాలాసార్లు ప్రతిపక్షం కాదు, సొంత పార్టీ ఎమ్మెల్యేనే. ఎమ్మెల్యేకు అడ్డురాకుండా పైకి వెళ్ళే దారి లోక్‌సభ ఒక్కటే కాబట్టి, మెట్టు దాటడం ప్రతిభతో పాటు సర్దుబాటు వల్ల కూడా జరుగుతుందని గమనించాలి.

తుంగభద్ర తీరం:
ఇండోర్‌లో కూడా ఇదే సర్దుబాటు ఉండేదా? మాళ్వా మిత్రులు చెప్పగలరా?

మాళ్వా తెలుగు:
పార్టీ అంతరంగం మీద ఊహలు రాయడం నాకిష్టం లేదు. పైకి కనిపించేది మాత్రం చెబుతాను. ఇక్కడ కార్పొరేషన్ నిజంగానే మెట్టు. కైలాశ్ విజయ్‌వర్గీయ 1983లో కార్పొరేటర్‌గా మొదలై, శాసనసభ్యుడై, 2000లో ప్రజలు నేరుగా ఎన్నుకున్న మేయర్ అయ్యారు. తాయి ఢిల్లీలో, ఆయన నగరంలో, ఇద్దరివీ వేర్వేరు శిబిరాలని ఊరంతా చెప్పుకొనేది. ఎదురు దిశలో నడిచినవారూ ఉన్నారు: ఖర్‌గోన్ ఎంపీగా ఉండిన కృష్ణమురారి మోఘే తరువాత ఇండోర్ మేయర్ అయ్యారు. ఢిల్లీ నుంచి నగరానికి రావడాన్ని ఇక్కడ దిగజారడంగా చూడరు. నగర రాజకీయానికి అంత విలువ ఉన్నచోటే అక్కడి నుంచి నాయకులు పుడతారు.

ఆమె పని విషయానికి వస్తే, దాదాపు డెబ్భై కిలోమీటర్ల దూరంలోని జలూద్ నుంచి ఎత్తిపోసే నర్మదా నీళ్ళ మీద బతికే నగరం ఇది. నీళ్ళు, రైలు మార్గాలు, విమానాలు, ఈ మూడింటి గురించి ఆమె మూడు దశాబ్దాలు వెంటపడ్డారు. ఇండోర్–దాహోద్ రైలు మార్గానికి 2008లో శంకుస్థాపన జరిగింది, ఆమె పదవీకాలం ముగిసేనాటికీ అది పూర్తికాలేదు. ఎనిమిదిసార్లు గెలిచిన ఎంపీ, స్పీకర్ కూడా అయి, ఒక రైలు మార్గాన్ని పూర్తి చేయించలేకపోయారన్న విమర్శ ఇక్కడ గట్టిగానే వినిపిస్తుంది. శుభ్రతలో ఇండోర్ తెచ్చుకున్న పేరు ఆమె ఖాతాలోది కాదు. అది 2015 తరువాతి మేయర్, కమిషనర్లు, పారిశుద్ధ్య కార్మికులది.

చట్టం చూపు:
ఆమె నిష్క్రమణ కూడా రికార్డులో ఉండాలి. 2019 ఏప్రిల్ 5న, 76 నిండడానికి వారం ముందు, టికెట్ విషయంలో పార్టీ సందేహిస్తున్నట్టుందని, ఆ సందేహం నుంచి పార్టీని విముక్తం చేస్తున్నానని అర్థం వచ్చేలా బహిరంగ లేఖ రాసి పోటీ నుంచి తప్పుకున్నారు. ఆ స్థానం శంకర్ లాల్వానీకి వెళ్ళింది. ఆయన కూడా ఇండోర్ కార్పొరేటర్‌గా పనిచేసి, నగరాభివృద్ధి సంస్థ అధ్యక్షుడిగా ఉండి వచ్చినవారే.

మాళ్వా తెలుగు:
అవును, కార్పొరేషన్ మనిషి పోయి మరో కార్పొరేషన్ మనిషి వచ్చారు. 2024లో కాంగ్రెస్ అభ్యర్థి చివరి నిమిషంలో నామినేషన్ ఉపసంహరించుకోవడంతో లాల్వానీ ఆధిక్యం పదకొండు లక్షలు దాటింది, నోటాకు రెండు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. ప్రత్యర్థి లేకుండా చేయడం అవసరం లేదని, అలా జరగకుండా ఉండవలసిందని తాయి బాహాటంగానే అన్నారు. పార్టీలోని వారు చాలామంది ఆ మాట అనలేదు. సేఠీ లాంటి ప్రత్యర్థి ఎదుట నిలబడి గెలిచిన మనిషికి పోటీ లేని గెలుపు రుచించకపోవడంలో ఆశ్చర్యం లేదు. 2018 మార్చిలో కూడా ఆమె ఇదే మాట ప్రభుత్వంతో అని ఉంటే, గ్యాలరీ మిత్రులు ఈ చర్చలో వేరే విధంగా రాసి ఉండేవారు.

గ్యాలరీ నుంచి:
తప్పకుండా.